గంగజాతర వేషాలూ, మా మేనకోడలి ఫోమ్ కవచమూ

మేడమీది గదిలో పరిచి ఉన్న సరుకు చూస్తే చెప్పులు కుట్టే అంగట్లోకి వచ్చామేమో అనిపిస్తుంది. నల్లటి ఫోమ్ షీట్లు, విరిచి వాడుకునే బ్లేడ్లు, డబ్బా జిగురు, పాత దినపత్రికల మీద గీసి కత్తిరించిన తునకలు. మధ్యలో మా అక్క కూతురు. వయసు 19. స్టీలు బిందెను బోర్లించి, వేడి ఫోమ్ ముక్కను దాని మీద పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది.

"ఏంది పాపా ఇది?"

"భుజం మామా."

"ఎవరి భుజం?"

ఎవరి భుజమో చెప్పడానికి దానికి పావుగంట పట్టింది. జపాను కథలో ఒక యోధుడంట. కార్టూనా అని అడిగితే మొహం మాడ్చుకుంది. "కార్టూన్ కాదు మామా, యానిమే." సరే, యానిమే. ఆడపిల్ల మగ యోధుడి వేషం కట్టడమేందని వాళ్ళమ్మ పక్కనుంచి గొణుగుతానే ఉంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళు అనాల్సిన మాట కాదది. ఏడాదికోసారి మీసాలున్న మగవాళ్ళు పట్టుచీర కట్టి, సవరం పెట్టి జడేసుకుని, కనకాంబరాలు తురుముకుని తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా నడిచొచ్చే ఊరు మనది.

ఇలా కథల్లోని పాత్రల వేషం కట్టే పనికి కాస్‌ప్లే అని పేరు. కాస్ట్యూమ్, ప్లే అనే రెండు ఇంగ్లీషు మాటల్ని జపానువాళ్ళు 1980ల్లో అతికించి చేసిన పదం. పని మాత్రం అంతకన్నా పాతది. 1939లో న్యూయార్కులో సైన్సు కథల అభిమానులు మొదటి ప్రపంచ సభ పెట్టుకుంటే ఫారెస్ట్ ఎకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు రాబోయే కాలపు మనుషుల్లాగా బట్టలు వేసుకుని వెళ్ళారు. ఆ ఇద్దరి బట్టలూ కుట్టింది మర్టిలే. కుట్టుపని తెలిసినవాళ్ళకు ఈ సంగతి దగ్గర మిగతా చరిత్రంతా చిన్నదే. మన దేశంలో బొమ్మల కథల అభిమానుల సభ కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలైంది, 2013లో హైదరాబాదుకు వచ్చింది, 2024 ఫిబ్రవరిలో చెన్నైకీ వచ్చింది. చెన్నై మనకు సుమారు 140 కిలోమీటర్లు. ఈ చుట్టుపక్కల పిల్లలకు అప్పుడే దారి దొరికినట్టయింది.

ఇంతవరకు వినడం తేలికే. అసలు ఎందుకు అనే ప్రశ్నే గొంతులో అడ్డం పడుతుంది. దానికి జవాబు కోసం నేరుగా అడిగితే పిల్లలు చెప్పలేరు, చెప్పినా మనకెక్కదు. వాళ్ళ చేతులేం చేస్తున్నాయో చూడటం మేలు. చూస్తే మనకు తెలిసిన పనే కనిపిస్తుంది.

జాతర రోజులు గుర్తు చేసుకోండి. మే నెల ఎండ. మంగళవారం అర్ధరాత్రి చాటింపు. అప్పట్నించి జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటి రాత్రి బయట పడుకోకూడదని పెద్దవాళ్ళ కట్టడి. బుధవారం బైరాగి వేషం, ఒళ్ళంతా తెల్లసుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గూ వేపమండలూ. శనివారం దొర వేషం, గంధం, నిమ్మకాయలూ వేపాకూ కూర్చిన దండ. ఆదివారం మాతంగి. సోమవారం సున్నపుకుండలు. మంగళవారం జాతర, పొంగళ్ళు, సప్పరాలు అనే వెదురు గోపురాలు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, వాడిని బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టిందని కథ. దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఆ ప్రధాన వేషాలు కట్టే మిరాశీ, అంటే తరతరాల హక్కు, కైకాల వాళ్ళది. ఊళ్ళో మిగతా జనం మొక్కును బట్టి ఎవరికి తోచిన వేషం వాళ్ళు కడతారు.

పైకి ఇదంతా భక్తి. కింద ఉన్నది చేతిపని. తెల్లసుద్ద ఒక్కసారే దట్టంగా పూస్తే ఎండకు ఆరి మోచేతుల దగ్గర, మెడ మడతల దగ్గర పెంకులు పెంకులుగా లేచిపోతుంది. పలచగా ఒక పూత పూసి, ఆరాక ఇంకో పూత పూస్తే నిలబడుతుంది. ఆ పొద్దు ఒంటికి నూనె తగలకూడదు, తగిలితే సుద్ద పట్టదు. బొగ్గు సంగతి తిరగబడుతుంది. నీళ్ళతో కలిపితే ఆరగానే పొడిగా రాలిపోతుంది, ఆముదంతోనో కొబ్బరినూనెతోనో కలిపితే పట్టుకుంటుంది గానీ తాకిన ప్రతి చొక్కాకీ అంటుతుంది, నాలుగు స్నానాలకు గానీ వదలదు. పొడిని పాత పంచెగుడ్డలో జల్లించకపోతే గరుకుగా ఉండి చర్మం గీసుకుపోతుంది. పసుపులో సున్నం కలిపి ఎరుపు తెప్పించిన కుంకుమ అయితే చెమటతో కంట్లోకి కారినా కాస్త మండి ఊరుకుంటుంది. రంగు కలిపిన అంగడి కుంకుమ దద్దుర్లు తెస్తుంది. అందుకే కనుబొమల పైన కొబ్బరినూనె ఒక గీతలా రాసేవాళ్ళు, చెమట దాని మీదుగా పక్కలకు జారిపోతుంది.

మేనకోడలి పెట్టెలో ఇప్పుడు ఉన్న మొహం రంగులు రెండు రకాలు. నీళ్ళతో కలిపేవి, నూనె జిడ్డుతో ఉండేవి. నీళ్ళ రంగు తొందరగా ఆరుతుంది, చెమటకు చారికలు పడుతుంది. జిడ్డు రంగు చెమటకు నిలుస్తుంది, పైన పౌడరు అద్దకపోతే తాకిన చోటల్లా పోతుంది. పేర్లు మారాయి గానీ సుద్దకూ బొగ్గుకూ ఉన్న తేడాయే అది.

ఒక్క విషయంలో మాత్రం రెండిటికీ పొత్తు కుదరదు. గంగమ్మ వేషం కట్టింది గుర్తు పట్టకుండా ఉండటానికి. ఈ పిల్లలు కట్టేది గుర్తు పట్టడానికి. ముక్కూ మొహం తెలియని వాడు దూరం నుంచి పాత్ర పేరు పెట్టి అరిస్తే ఆ నెల రోజుల కష్టానికీ అదే కూలి. అందుకే వాళ్ళకు ఆ కొలతల పిచ్చి. కుడిభుజం మీద గీతలు మూడా నాలుగా, బెల్టు బిళ్ళ గుండ్రమా ఆరు మూలలా అని గంటలు గంటలు బొమ్మలు తిరగేస్తారు. ముందు, వెనక, పక్క, మూడు వైపుల బొమ్మలు దొరక్కపోతే పని మొదలుపెట్టరు. మొదట్లో ఇది చాదస్తంలా కనిపిస్తుంది. అయితే మన ఊళ్ళో మాతంగి వేషానికి ముక్కుపుడక మర్చిపోయినవాణ్ణి వీధి చివర ముసలమ్మ ఆపి ఏమంటుందో అందరికీ తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మన భాషలోనే ఉంది. మనం వేషం వేయడం అంటాం, కట్టడం అనీ అంటాం. రెండోదే పనివాళ్ళ మాట. చీర కడతాం, గజ్జె కడతాం, కిరీటం కడతాం. వేషం పాడయ్యేది రంగు వల్ల తక్కువ, కట్టు వల్ల జాస్తి. పిల్లలు చూసే వీడియోల్లో కోయడం, అతికించడం, రంగు వేయడం ముప్పావు భాగం ఉంటుంది. కట్టు గురించి చివర్లో రెండు నిమిషాలు. తొలిసారి కవచం చేసినవాళ్ళంతా దెబ్బ తినేది అక్కడే.

క్రమంగా చెప్పుకుంటే మొదటిది కొలత. పాత బనీను తొడిగి, ఛాతీ చుట్టూ వంటింట్లో వాడే పలచని ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటిస్తారు. మార్కరుతో కవచం గీతలు ఒంటి మీదే గీసి, ఎదురెదురు అంచులకు అడ్డగీతలు పెట్టుకుని, ఇంకొకరి చేత వెనకనించి కత్తిరించి తీస్తారు. అదే మూస. టేపు చుట్టేటప్పుడు ఊపిరి నిండుగా పీల్చి ఉండాలి, లేకపోతే తయారైన కవచంలో కూర్చోవడం కూడా కష్టం. కుడి ఎడమలు రెండూ వాడకూడదు. మన ఒళ్ళు రెండు వైపులా ఒకేలా ఉండదు గనక బాగా వచ్చిన సగం ఉంచుకుని, దాన్నే తిరగేసి రెండో సగం గీసుకోవాలి.

ఇక్కడ దర్జీలు కూడా బోల్తా పడే లెక్క ఒకటుంది. గుడ్డకు మందం లెక్కలోకి రాదు, ఫోమ్‌కు వస్తుంది. 10 మిల్లీమీటర్ల ఫోమ్ ఒంటి చుట్టూ వంగినప్పుడు లోపలి ముఖం ముడుచుకుంటుంది, బయటి ముఖం సాగుతుంది, నడిమి పొర ఒక్కటే కోసిన కొలతలో ఉంటుంది. ఆ పొర ఒంటికి 5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి చుట్టుకొలతకు 31 మిల్లీమీటర్లు, అంటే 3 సెంటీమీటర్ల పైచిలుకు, మందానికే పోతుంది. లోపలి బట్టకీ ఊపిరికీ ఇంకో 4, 5 సెంటీమీటర్ల లూజు. ఈ రెండూ కలపకుండా కోస్తే వెనక అంచులు నాలుగు వేళ్ళ దూరంలో నిలబడి వెక్కిరిస్తాయి.

షీట్లు ఎక్కడెక్కడివో తెప్పించుకోనక్కర్లేదు. పసిపిల్లలు ఆడుకునే, ఒకదానికొకటి తగిలించే నేల చాపలు అదే సరుకు, మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు. వాటి ఒకవైపు గరుకు అచ్చు ఉంటుంది, అది లోపలికి పోవాలి. ఛాతీ, భుజాలకు మందపుది. పైన అంటించే అలంకారాలకు 2 నుంచి 5 మిల్లీమీటర్లది. బ్లేడు నిట్టనిలువుగా పట్టి, ఒక్క ఊపులో తెంపకుండా రెండు మూడు సార్లు అదే గీతలో నడపాలి. మొద్దుబారిన బ్లేడు కోయదు, చింపుతుంది. అంచు కొరికినట్టు అవుతుంది, ఇక అది ఏ జిగురుకూ సరిగ్గా కూర్చోదు. బ్లేడు కొన విరిచి పారేయడానికి పిసినారితనం పనికిరాదు.

జిగురు చెప్పులకు వాడే పసుపుపచ్చ రబ్బరు జిగురే. రెండు అంచులకూ పలచగా పూసి, వేలికి అంటని దాకా ఆగాలి. మామూలుగా 10 నిమిషాలు. మన ఎండాకాలంలో ఐదు నిమిషాలకే ఆరిపోతుంది, ఆలస్యం చేస్తే పట్టదు. కార్తీకంలో వాన పట్టుకుంటే కథ వేరు. జిగురులోని ద్రావకం ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాల్లో ఉన్న తేమ దాని మీద కంటికి కనిపించని మంచులా పడుతుంది. అంటినట్టే ఉండి వారానికి ఊడిపోతుంది. ఆ రోజుల్లో పని మానుకోవడమే మేలు. రెండు అంచులు ఒకసారి తగిలాయంటే ఇక సర్దుకోవడం ఉండదు. అందుకే ముందు రెండు కొసలు కలిపి, తర్వాత నడిమి, ఆ తర్వాత మిగతాది నొక్కుకుంటూ రావాలి. కొసనించి కొసకు పోతే చివర అర అంగుళం మిగిలిపోతుంది. ఈ వాసన మంచిది కాదు, తల తిరుగుతుంది. తలుపులేసుకున్న గదిలో గుడ్డ మాస్కు కట్టుకుని చేస్తే ఏమీ ఉపయోగం లేదు. గుడ్డ దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మిద్దె మీద, గాలికి వీపు పెట్టి, ఆవిర్లను ఆపే వడపోత డబ్బాలున్న మాస్కుతో చేయాలి.

వేడిగాలి గన్ను రెండు పనులు చేస్తుంది. ఫోమ్‌ను మెత్తబరిచి వంగేలా చేస్తుంది, పైన కంటికి కనిపించని రంధ్రాలు మూస్తుంది. ఉపరితలం కొంచెం మెరిసిందంటే చాలు, గన్ను జరపాలి. ఒకే తావున నిలిపితే గుంటలు పడి, అంచులు ముడుచుకుపోతాయి, కొలత తప్పుతుంది. వంచాక చల్లారే దాకా, కనీసం ఒక నిమిషం, పట్టుకునే ఉండాలి. బిందె ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. భుజానికి బిందె కడుపు, మోకాలి చిప్పకు గుంట గరిటె, ముంజేతికి నీళ్ళ సీసా. మన వంటింట్లో ఉన్నన్ని మూసలు ఏ అంగట్లోనూ దొరకవు.

వేడి పెట్టి మూయని ఫోమ్ మీద రంగేస్తే ఇసుకలో నీళ్ళు పోసినట్టే. మూసినా నేరుగా వేయకూడదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు రెండు వంతులకు నీళ్ళు ఒక వంతు కలిపి, పలచగా నాలుగైదు పూతలు, పూతకూ పూతకూ మధ్య గంట ఆరనిచ్చి వేస్తారు. చవకైన పద్ధతి. అయితే ఆ జిగురుకు నీళ్ళు పడవు. చంకల దగ్గర, మెడ దగ్గర చెమటకు మళ్ళీ బంకగా తయారవుతుంది. ఆ చోట్ల సాగే రబ్బరు స్ప్రే వాడాలి, లేదా లోపలివైపు గుడ్డ అతికించాలి. రంగు మొదట నలుపు. పైన వెండి రంగును కుంచెకు అద్ది, గుడ్డకు తుడిచేసి, మిగిలిన కాస్తతో ఎత్తుగా ఉన్న అంచుల మీద మాత్రమే రాస్తారు. చివర నీళ్ళలాంటి గోధుమరంగు పూసి వెంటనే తుడిస్తే సందుల్లో మిగిలిపోయి పాత ఇనుములా కనిపిస్తుంది. ఇంత కష్టపడి కొత్తదాన్ని పాతదిగా చేయడమేందని వాళ్ళమ్మ మళ్ళీ గొణిగింది. ఈసారి ఆమె పక్షాన కొంత న్యాయం లేకపోలేదు.

రంగు గురించి చెప్పేటప్పుడు మన భారతాల కిరీటాలు తలుచుకోకుండా ఉండలేం. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర 18 రోజుల భారతం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అర్జునుడి తపస్సు నాడు ఆకాశమంత మాను ఎక్కడం, చివరి రోజు నేల మీద పడుకోబెట్టిన దుర్యోధనుడి మట్టి బొమ్మ, సాయంత్రం నిప్పుల గుండం. ఆ నాటకాల కిరీటాలు, భుజకీర్తులు పగటి పూట చూస్తే చాలా మోటుగా ఉంటాయి. తేలిక కట్టె, దాని మీద రంగు కాగితం, అద్దం ముక్కలు. రాత్రి పెట్రోమాక్సు వెలుగులో నటుడు తల తిప్పితే ఆ అద్దాల్లోంచి వెలుగు పది వైపులకు చిమ్మేది. మొహానికి అర్దళం అనే పసుపు రాతిపొడి పూసేదీ అందుకే, ఆ పసుపు ఛాయ దీపం వెలుగులో పండుతుంది. వేషం ఏ వెలుగులో చూస్తారో ఆ వెలుగుకు కట్టాలి. పిల్లల వేషం ఫోను కెమెరాకూ, హాల్లోని తెల్ల లైట్లకూ. మరీ మెరిసే వెండి రంగు ఫోటోలో తెల్లమచ్చగా పోతుంది. మేనకోడలు ఒక్కో పూత ఆరాక ఫోనుతో ఫోటో తీసి చూసుకునేది. అది అద్దంలో చూసుకోవడం లాంటిదే, ఇంకా నిజం చెప్పే అద్దం.

ఇక కట్టు.

మొదటిసారి అంతా తొడిగి మేడ మెట్లు దిగుతుంటే నాలుగో మెట్టు దగ్గర కాలి కవచం పాదం మీదికి జారింది. ఐదో మెట్టుకు ఎడమ భుజం వెనక్కి తిరిగింది. అంతకుముందు అద్దం ముందు నిలబడినప్పుడు అన్నీ దివ్యంగా ఉన్నాయి. నిలబడే వేషం వేరు, నడిచే వేషం వేరు.

కాలి కవచం జారడానికి కారణం పిక్క. పైన లావు, కింద సన్నం. లావు మీద ఎంత బిగించి కట్టినా నాలుగడుగులకు సన్నానికి దిగుతుంది. గజ్జె కట్టేవాళ్ళను చూడండి. చీలమండ ఎముకకు పైన గుడ్డ మడత వేసి, దాని మీద గజ్జె కట్టి, తాళ్ళు అడ్డంగా దాటించి ముడేస్తారు. ఆ గుడ్డ మడత లేకపోతే గజ్జె జారుతుంది, చర్మం కోసుకుంటుంది. ఫోమ్‌కూ అదే మందు. పై పట్టీ పిక్క లావు మీద కాకుండా మోకాలి కిందుగా, పిక్క మొదలయ్యే ముందు ఉన్న సన్నని చోట రావాలి. కింద చీలమండ దగ్గర లోపల అర అంగుళం ఫోమ్ పట్టీ అతికిస్తే కవచం బూటు మీద ఆనుకుని నిలుస్తుంది. ఇంకా అనుమానముంటే పాదం కిందనించి ఒక ఎలాస్టిక్.

భుజాలది వేరే రోగం. వాటిని చేతికి కట్టకూడదు, చెయ్యి ఎత్తితే చెవికి తగులుతాయి. మెడ దగ్గర ఛాతీ కవచానికి రెండు పట్టీలతో వేలాడదీయాలి, చేతికి మాత్రం వదులుగా ఒక ఎలాస్టిక్. బరువంతా చివరికి ఎక్కడికి పోతోందన్నదే ప్రశ్న. మెడ మీద పడితే గంటలో తల నొప్పి. బడి సంచి పట్టీల్లాగా రెండు భుజాల మీదుగా తెచ్చి, నడుం బెల్టుకు దించాలి. వీధినాటకం వాళ్ళు నడుం చుట్టూ గుడ్డ చుట్టలు కట్టి దాని మీద పావడా తొడిగేది చూపు కోసమే అనుకుంటాం. బరువు తుంటి మీద కూర్చోవడానికి కూడా అదే ఆధారం. కిరీటం కింద తలగుడ్డ బిగించేదీ ఇంతే, కట్టె నుదుటికి ఒరుసుకోకుండా.

పట్టీలకు సంచులు బాగు చేసే అంగళ్ళలో దొరికే 25 మిల్లీమీటర్ల నైలాను పట్టీ, టక్కున పడే ప్లాస్టిక్ బకిల్ శ్రేష్ఠం. పట్టీని ఫోమ్‌కు జిగురుతో అంటించి వదిలేస్తే ఫోమ్ పైపొరతో సహా ఊడొస్తుంది. జిగురు ఊడదు, ఫోమే చిరుగుతుంది. పట్టీ కొసను అరచేయంత గుడ్డ ముక్కకు కుట్టి, ఆ గుడ్డను మొత్తం ఫోమ్‌కు అతికిస్తే లాగుడు అంత వెడల్పుకూ పంచుకుపోతుంది. వెల్క్రో తేలిగ్గా ఉంటుంది గానీ దాని వెనక వచ్చే అంటు ఎండకు కరుగుతుంది, కుట్టాల్సిందే. గరుకు వైపు ఎప్పుడూ ఒంటికి దూరంగా ఉండాలి, లేకపోతే లోపలి బట్టంతా పోగులు లేస్తుంది. ఎలాస్టిక్‌ను ఉన్న పొడుగుకు మూడో వంతుకు మించి సాగదీసి కుట్టకూడదు, మధ్యాహ్నానికి అలిసిపోతుంది. వేడి జిగురు కడ్డీలతో అంటించినవి ఎండలో నిలబెట్టిన కారులో పెడితే సాయంత్రానికి ముక్కలు విడివిడిగా దొరుకుతాయి. చెన్నై ప్రయాణానికి డిక్కీ కన్నా కాళ్ళ దగ్గర అట్టపెట్టె మేలు.

జుట్టు సంగతి చెప్పకపోతే తిరుపతివాళ్ళం అనిపించుకోం. కొండ మీద కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలను దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది, ఆ జుట్టు విగ్గులై దేశాలు తిరుగుతుంది. మా మేనకోడలికి కావలసింది మాత్రం నీలం రంగు ప్లాస్టిక్ దారాల విగ్గు. ఎందుకంటే అసలు జుట్టుకు అంత గాఢమైన రంగు ఎక్కించాలంటే ముందు దాని రంగంతా తీసేయాలి, పైగా అది ఆకారం నిలుపుకోదు. ఈ దారం వేడి చేసి వంచితే వంచినట్టే ఉంటుంది. వేడికి ఓర్చేదని రాసి ఉన్న విగ్గు కూడా మరీ వేడి తగిలితే మెరిసిపోయి ఉండలు కడుతుంది. చిక్కు తీయడం కొసలనించి మొదలుపెట్టి పైకి రావాలి, అమ్మమ్మలు జడేసేటప్పుడు చేసినట్టు. వెనకటి నాటకాల్లో జనపనారకు నల్లరంగేసి విగ్గులు కట్టేవాళ్ళు. చెమటకు ఆ నలుపు మెడ మీదికి కారేది, నటుడు తెల్లారేసరికి నిజంగానే నీలమేఘశ్యాముడు.

వేషంలో గంటల తరబడి ఉండటం ఇంకో విద్య. ఫోమ్ గాలి ఆడనివ్వదు, ఒంటి వేడి బయటికి పోదు. లోపల పలచని చెమట పీల్చే బట్ట, గంటకోసారి నీళ్ళు, అప్పుడప్పుడు కొంచెం ఉప్పూ పంచదారా కలిపినవి. నీళ్ళు తాగితే వచ్చే రెండో అవసరం గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. నడుం కింది భాగం ఎవరి సాయం లేకుండా రెండు నిమిషాల్లో ఊడేలా కట్టుకోవాలి. బకిళ్ళన్నీ వీపున పెట్టుకున్నవాళ్ళ బాధ చెప్పతరం కాదు. అందుకే ఒక తోడు మనిషి ఉండాలి. జాతరలో వేషగాడి పక్కన ఇంట్లోవాళ్ళు చెంబుతో నీళ్ళు, విసనకర్ర పట్టుకుని నడిచేది ఊరికే కాదు. తోడు మనిషి సంచిలో సూదీ దారం, పిన్నీసులు, నల్ల టేపు, చిటికెలో అంటే జిగురు. ఆ చిటికె జిగురు అంటుతుంది గానీ గాజులా బిరుసు, వంగే చోట పెట్టామా పగులుతుంది. ఆ పూట గడవడానికి మాత్రమే.

ఇంకొక తేడా కూడా గమనించాలి. బండ వేషం కట్టినవాడు నోటికొచ్చిన బూతు తిట్టినా ఆ పొద్దు ఎవరూ తప్పు పట్టరు, అది వేషం ఇచ్చిన చనువు. కాస్‌ప్లే సభల్లో అటువంటి చనువు లేదు, అటూ ఇటూ లేదు. వేషం కట్టినవాళ్ళను అడగకుండా ముట్టుకోకూడదు, అడగకుండా ఫోటో తీయకూడదు. కత్తులు ఫోమ్‌వో చెక్కవో అయ్యుండాలి, వాకిట్లోనే చూసి పంపుతారు. ఇనుము పదును ఉంటే లోపలికి రానివ్వరు.

జాతర మంగళవారం రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం తయారవుతుంది. తెల్లవారుజామున ఆ మట్టి రూపం చెంప నరికాక ఆ మట్టిని ప్రసాదంగా పంచుకుంటారు. అంత పనీ గంటల్లో అయిపోతుంది. పిల్లల కవచం అలా కాదు. అటక మీద పెట్టి ఏడాది తర్వాత తీస్తే మడతల దగ్గర రంగు చిట్లి, మీద వేరే సామాను పడి చదునై కనిపిస్తుంది. లోపల కాగితాలు కుక్కి, నిలువుగా, వేడి తగలని చోట ఉంచాలి. మా ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఒక యోధుడి మొండెం ఉంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు.

ఈ మేలో మేనకోడలి తమ్ముడికి మాతంగి వేషం మొక్కు. మగపిల్లల నడుముకు ఒంపు ఉండదు, చీర బరువుకు పావడా నాడా జారిపోతుంది, బిగిస్తే కోసుకుంటుంది. మునుపు తువ్వాలు మడిచి లోపల చుట్టి దాని మీద నాడా బిగించేవాళ్ళు, రెండు వీధులు నడిచేసరికి అదీ వదులయ్యేది. ఈసారి మేనకోడలే వాడి నడుం కొలత తీసుకుని, 25 మిల్లీమీటర్ల పట్టీ 2 గజాలు, బకిళ్ళు రెండు నిన్ననే తెచ్చి పెట్టింది. బకిల్ ఎడమ పక్కకు రావాలంట, కుడి పక్క కొంగు దోపుతారు కదా అని.